రెండో బ్రేకు

కొత్తగా చేరినవాళ్లెవరికీ డ్రైవింగ్ మాస్టారు మొదటి రోజు బండి తాళం ఇవ్వరు. ఇంజను ఆపి ఉన్న కారులో వాళ్లని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్క సీటులో సర్దుకుని, గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెడతారు.

"చూడండి. రేపు బండి కదలగానే మీ అరచేతులు చెమట పడతాయి. నోరెండిపోతుంది. గుండె ఎవరో తలుపు బాదుతున్నట్టు కొట్టుకుంటుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. కడుపులో బట్టలు పిండుతున్నట్టుంటుంది. ఇక బుర్ర ఉందే, అది అసలు ఊరుకోదు. ఎదురొచ్చే ప్రతి లారీ మీకోసమే బయల్దేరిందంటుంది. ఇవేవీ జబ్బులు కావు. భయం, అంతే. అది భయమని గుర్తుపట్టారనుకోండి, దాన్ని వెనక సీటులో కూర్చోబెట్టి హాయిగా బండి నడుపుకోవచ్చు. గుర్తుపట్టలేదా, అదే ముందుకొచ్చి స్టీరింగు పట్టుకుంటుంది."

ఈ ఉపన్యాసానికి ఊళ్లో మంచి పేరుంది. మాస్టారు వయసులో చిన్నవారే అయినా, తాతల వయసువాళ్లు కూడా ఆయన్ని మాస్టారూ అనే పిలిచేది దీనివల్లే. ఎదుటి మనిషి భయాన్ని ఆయన ఇట్టే కనిపెట్టేవారు. ఒకసారి పోలీసు శాఖలో పనిచేసే మీసాలాయన వచ్చి, "నాకు భయమేంటి మాస్టారూ, దొంగలకే నేనంటే భయం" అని కూర్చున్నాడు. మాస్టారు ఆయన్ని ఒక్క చూపు చూసి, "సార్, మీ భుజాలు చెవుల దాకా వచ్చాయి, కాస్త కిందకి దించండి" అన్నారు. మీసాలాయన దించాడు. మెడ అనేది ఒకటి బయటపడింది.

మాస్టారిది చిన్న పసుపుపచ్చ కారు. శిష్యులందరూ దాన్ని పిచ్చుక అంటారు. నెత్తిన బోర్డు, వెనక ఎర్రటి 'ఎల్' అక్షరం. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఉన్నట్టే పక్క సీటు కింద, మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ప్రాణం మీదకొస్తే తొక్కడానికన్నమాట. "అది ఊరికే అలంకారానికి" అనేవారు మాస్టారు. ఆ మాట నిజమే. ఏళ్ల తరబడి ఆ రెండో బ్రేకు మీద దుమ్ము తప్ప ఇంకేమీ కాలు పెట్టలేదు.

ఆ తర్వాత ఇంట్లో పాప పుట్టింది.

పాప పుట్టిన కొత్తలో మాస్టారికి దవడలు నొప్పెట్టాయి. పన్ను పాడైందనుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన అద్దం పెట్టి చూసి, "పళ్లు భేషుగ్గా ఉన్నాయి. రాత్రుళ్లు దేన్ని నములుతున్నారండీ?" అనడిగాడు. కడుపు తిప్పితే మాస్టారు మంచినీళ్లని అనుమానించి ఫిల్టరు మార్పించారు. ఊపిరి చాలనట్టుంటే దుమ్మనుకుని ఇంట్లో కర్టెన్లన్నీ ఉతికించారు. నిద్ర పట్టకపోతే దిండు మార్చారు. కుడికాలి పిక్క పట్టేస్తుంటే బూట్లు మార్చారు. ఒక్కో బాధకీ ఒక్కో దోషిని పట్టుకుని శిక్ష వేశారు కానీ, ఇవన్నీ ఒక్క ఇంటి మనుషులేమోనన్న ఆలోచన ఆయనకి రాలేదు.

పాప తొట్టి ఇల్లంతా తిరిగింది. ఫ్యాను కింద ఉంటే ఫ్యాను ఊడుతుందేమోనని కిటికీ దగ్గరికి జరిపారు. కిటికీ దగ్గర గాలి. గోడవారకి జరిపారు. గోడకి గడియారం. చివరికి ఏ ప్రమాదమూ అందని చోటు హాలు నట్టనడుమ దొరికింది. ఆ రోజునుంచి ఇంట్లో వాళ్లంతా తొట్టికి తట్టుకుని పడటం మొదలుపెట్టారు. పాప నిద్రపోతే మాస్టారు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేవారు. ఆ వేలికి పాప లేచి ఏడ్చేది. పాప ఏడిస్తే మాస్టారికి ప్రాణం లేచొచ్చేది. పాపని నిద్రపుచ్చిన మాస్టారి భార్యకి మాత్రం ప్రాణం పోయేది.

"ఊపిరి ఆడుతోందండీ. పుట్టినప్పటినుంచి ఆడుతూనే ఉంది. దానికి వేరే పని లేదు" అనేది ఆమె.

ఆమె ఊరికి ఆ చివర కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షిస్తుంది. దుకాణం వెనక సందులోనే పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉంది. సెలవు అయిపోవచ్చింది. వచ్చే సోమవారం చేరకపోతే ఇంకొకళ్లని పెట్టుకుంటామని దుకాణంవాళ్లు మర్యాదగానే చెప్పారు. ఆమెకి ఆ పనంటే ప్రాణం. బస్సంటే రెండు మారాలి, రెండోదాంట్లో నిలబడటానికి కూడా చోటుండదు. అందుకని పాప పుట్టకముందే అనుకున్నారు, పొద్దున్నే మాస్టారు ఇద్దర్నీ పిచ్చుకలో దింపేట్టు.

ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన ఆ మనిషి తన కూతుర్ని ఇంతవరకూ సొంత కారెక్కించలేదు. ఆసుపత్రి నుంచి కూడా టాక్సీలోనే తీసుకొచ్చారు. ఆ టాక్సీ డ్రైవరు ఆయన పాత శిష్యుడే. దారిపొడుగునా "మెల్లగా, మెల్లగా" అని విని విని, ఇల్లు చేరాక, "మాస్టారూ, ఇంకా మెల్లగా అంటే వెనక్కి వెళ్లాలి" అన్నాడు. పిల్లల సీటు కొన్నారు, కారులో బిగించారు, బిగింపు మీద నమ్మకం చాలక విప్పారు, మళ్లీ బిగించారు. ఆ సీటు ఎక్కి దిగినన్ని సార్లు శిష్యులు కూడా ఆ కారు ఎక్కి దిగలేదు.

"టాక్సీ మాట్లాడుకుంటే?" అన్నారు మాస్టారు ఒకరోజు.

"మాట్లాడుకోవచ్చు. ఇంటి ముందు డ్రైవింగ్ నేర్పబడును అని బోర్డు పెట్టుకుని, మనం టాక్సీలో వెళ్దాం. చూసినవాళ్లు మెచ్చుకుంటారు."

"పోనీ క్రెష్ పక్కనే ఇల్లు మారితే?"

ఆమె నవ్వలేదు. పాపని భుజం మార్చుకుని, "సోమవారం మీరు తీసుకెళ్తారా, నన్ను ఉద్యోగం మానేయమంటారా? రెండిట్లో ఏదో మీ నోటితోనే చెప్పండి" అంది.

"తీసుకెళ్తాను" అన్నారు మాస్టారు. అంటుంటే నాలుక పిడచకట్టుకుపోయింది. ఫిల్టరు మళ్లీ పాడైనట్టుంది అనుకున్నారు.

కూతురి సెలవు అయ్యేదాకా పాపని చూసుకోవడానికి అప్పటికి అత్తగారు వచ్చి ఉన్నారు. ఆవిడ సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మామూలుగా మాట్లాడినా వెనక సీటు దాకా వినిపించే గొంతు. వచ్చిన మర్నాడే అల్లుడి ముందు నిలబడి, "నాకు డ్రైవింగ్ నేర్పండి" అన్నారు.

"ఇప్పుడెందుకు అత్తయ్యగారూ?"

"ఉద్యోగమంతా డ్రైవరు వెనకాల నిలబడ్డాను. ముందు కూర్చుంటే రోడ్డెలా ఉంటుందో చూడాలి. ఇంట్లో మీరు నాకు అల్లుడుగారు. కారెక్కితే మాస్టారు. అక్కడ మొహమాటాలొద్దు."

మొదటి రోజు ఉపన్యాసం ఆవిడ తల ఊపుతూ, ఒక్కో వాక్యానికీ టిక్కెట్టు చింపుతున్నంత శ్రద్ధగా విన్నారు. రెండో రోజు తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "రైట్, రైట్" అని బండి కదిలించారు. ఆవిడకి చెమటా పట్టలేదు, నోరూ ఎండలేదు. కానీ బండి పది గజాలు వెళ్లి కుదుపిచ్చి ఆగిపోయింది.

"నేను హోల్డాన్ అనలేదే" అన్నారు అత్తగారు.

మళ్లీ కదిలించారు. మళ్లీ ఆగింది. మూల తిరిగితే ఆగింది, సైకిలు కనబడితే ఆగింది, అల్లంత దూరాన కుక్క లేచి ఒళ్లు విరుచుకుంటే ఆగింది. వెనక వచ్చే బండ్లవాళ్లు హారన్లు కొట్టి అలిసిపోయారు.

ఒక్క అత్తగారి సంగతే కాదు, కొన్నాళ్లుగా అందరి చేతిలోనూ పిచ్చుక ఇలాగే మొరాయిస్తోంది. మాస్టారు దాన్ని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లారు. మెకానిక్కు బ్రేకు ప్యాడ్లు ఊడదీసి చూసి, "ఏంటి మాస్టారూ, వీటినేమైనా తింటున్నారా? మొన్నేగా కొత్తవి వేశాను" అని మళ్లీ మార్చాడు. ఒక్కడే వీధంతా రయ్యిన చుట్టి వచ్చాడు. బండి ఎక్కడా ఆగలేదు.

"నా దగ్గర బంగారంలా ఉంది మరి."

మాస్టారు ఆలోచించారు. "నువ్వు నడిపితే బాగుంటుంది. నేను ఒక్కణ్ణీ నడిపినా బాగానే ఉంటుంది. కొత్తవాళ్లు కూర్చుంటేనే బిగుసుకుపోతోంది. అంటే..." గొంతు తగ్గించారు. "బండికి భయం పట్టుకుందేమో."

మెకానిక్కు స్పానరు కింద పెట్టాడు. మాస్టారి మొహం చూశాడు, బండి మొహం చూశాడు. "దానికి నా దగ్గర మందు లేదండి" అని చేతులు తుడుచుకున్నాడు.

సోమవారం దగ్గరపడుతున్న కొద్దీ మాస్టారు నిప్పుల మీద నిలబడ్డట్టు తిరిగారు. చదువుకున్నది సైన్సు కాబట్టి, ఏదైనా చేసేముందు నమూనాతో పరీక్షించాలన్న బుద్ధి పుట్టింది. బజారుకెళ్లి పుచ్చకాయల గుట్ట ముందు నిలబడి, ఒక్కోదాన్నీ చంకనెత్తుకుని, ఊపి, మళ్లీ పెట్టి, పాప బరువుకి సరిగ్గా సరిపోయేదాన్ని ఎంచుకున్నారు. పళ్లు అమ్మేవాడు అది చూసి, "తియ్యగా ఉంటుందా అని తట్టి చూస్తారు సార్ అందరూ. జోకొట్టి చూసినవాళ్లు మీరే" అన్నాడు.

పుచ్చకాయని పాప దుప్పట్లో చుట్టి, పిల్లల సీటులో పెట్టి, బెల్టులన్నీ బిగించి బయల్దేరారు. మొదటి వీధి బాగానే గడిచింది. రెండో మలుపులో అద్దంలోంచి వెనక్కి చూశారు. దుప్పటి ముక్కు దాకా కప్పుకుపోయినట్టుంది. పుచ్చకాయకి ముక్కు ఉండదని తెలుసు. తెలిసినా బండి ఆపి, దిగి, దుప్పటి సర్ది వచ్చారు. ఫ్లైఓవరు ఎక్కుతుండగా వెనకాల లారీ హారన్ కొట్టింది.

అంతే. గుండె ఒక్కసారి గొంతులోకి వచ్చి కూర్చుంది. అక్కడినుంచి దిగనంది. అరచేతులు తడిసి స్టీరింగు జారుతోంది. ఊపిరి అందడం లేదు. వేళ్లు, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు తిమ్మిరి. చుట్టూ ఉన్న బండ్లు ఎక్కడో గాజు అవతల ఉన్నట్టున్నాయి. అయిపోయింది, గుండెపోటు, పాప అన్యాయమైపోతుంది అనుకున్నారు. ఆ క్షణంలో వెనకున్నది పుచ్చకాయన్న సంగతి ఆయనకి గుర్తు లేదు.

ఎలాగో ఫ్లైఓవరు దిగి, ఎదురుగా కనబడిన క్లినిక్కు ముందు బండి ఆపారు. పసిపిల్లల్ని ఎండలో కారులో వదిలి వెళ్లకూడదు కనుక బెల్టులన్నీ విప్పి, దుప్పటి మూటని గుండెకి హత్తుకుని, తూలుతూ లోపలికి వెళ్లారు.

కౌంటరు దగ్గరి అమ్మాయి గబుక్కున లేచింది. "పాపకేమైంది సార్?"

"పాపకేం కాలేదు. నాకే. గుండె."

"మీరు కూర్చోండి. పాపని ఇలా ఇవ్వండి."

"అది పాప కాదండి."

అమ్మాయి దుప్పటి అంచు పక్కకి తీసి చూసింది. దుప్పటి మళ్లీ కప్పింది. తర్వాత క్యూలో ఉన్నవాళ్లందరి వైపూ తిరిగి, "ఈయన్ని ముందు పంపిస్తున్నాను, దయచేసి ఎవరూ ఏమీ అనుకోకండి" అంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఒక ముసలాయన లేచి తన కుర్చీ కూడా ఇచ్చాడు.

డాక్టరమ్మ పుచ్చకాయని తన మేజా మీద పెట్టించి, మాస్టారిని మంచం మీద పడుకోబెట్టింది. గుండెకి తీగలు తగిలించింది, కాగితం తీసింది, రక్తపోటు చూసింది, రక్తం తీయించింది.

"గుండె శుభ్రంగా ఉంది. థైరాయిడ్ లాంటివి ఏమన్నా ఉన్నాయేమో రక్తపరీక్షలో తేలుతుంది. ఇలా ఎన్నాళ్లనుంచి?"

"ఇవాళేనండి. ఇప్పుడే."

"దవడలు నొప్పిగా ఉంటాయా?"

"ఉంటాయి. అది పళ్లది."

"కడుపులో తిప్పడం?"

"ఫిల్టరు మార్పించానండి."

"నిద్ర?"

"దిండు."

"చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం, ఊరికే విసుక్కోవడం, ఏదో ఘోరం జరగబోతోందని అనిపిస్తుండటం?"

మాస్టారు మేజా మీది మూట వైపు చూశారు. "ఇంట్లో చంటిపిల్ల ఉందండి" అన్నారు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇవన్నీ వేరువేరు జబ్బులు కావు. ఆందోళన. ప్రమాదం వచ్చిందనుకుని ఒంట్లో గంట మోగుతుంది. గుండె పరిగెడుతుంది, కండరాలు బిగుస్తాయి, తిండి అరిగే పని ఆగుతుంది. పారిపోవాల్సిన అవసరం నిజంగా ఉంటే ఇవన్నీ పనికొస్తాయి. మీరు మంచం మీద పడుకుని ఉన్నారు, గంట మాత్రం ఆగడం లేదు. గబగబా ఊపిరి తీస్తే లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. గుండెపోటే అని మీరనుకుంటారు, ఇంకా గబగబా పీలుస్తారు. ఊపిరి తీసినదానికన్నా వదిలేది నెమ్మదిగా, ఎక్కువసేపు వదలండి. ఛాతీలో నొప్పొస్తే మాత్రం మీరే తేల్చేసుకోకుండా వచ్చి చూపించుకోండి. ఇది ఇలాగే ఉంటే మాట్లాడి సాయం చేసేవాళ్లున్నారు, పంపిస్తాను. కొత్తగా తండ్రైనవాళ్లు చాలామంది వస్తారు ఇక్కడికి."

"పుచ్చకాయతోనా?"

"లేదు. ఆ విషయంలో మీరే మొదలు."

మాస్టారు మూట ఎత్తుకుని బయటికొచ్చారు. గుండె బాగుందన్నందుకు సంతోషమే. మిగతాది మాత్రం ఒంటబట్టలేదు. నాకు భయమేంటి, ఊరందరి భయం పోగొట్టేవాణ్ణి నేను, అనుకుంటూ ఇంటికి చేరారు. ఈ మాట అంతకుముందు ఏ మీసాల వెనకనుంచి విన్నారో ఆయనకి గుర్తు రాలేదు.

ఇంట్లో జరిగింది చెప్పక తప్పలేదు. భార్య పడీపడీ నవ్వి, నవ్వి, చివర్లో ఎందుకో ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మొన్నే చెప్పకపోయారా నాతో" అంది. అత్తగారు పుచ్చకాయని వంటింట్లోకి తీసుకెళ్లి, దుప్పటి విప్పి, కత్తి తీసి, మళ్లీ కత్తి పెట్టేశారు.

"ఇంతసేపూ పాప దుప్పట్లో పడుకుందిది. దీన్ని కొయ్యడానికి నాకు చేతులు రావడం లేదమ్మా" అన్నారు. పుచ్చకాయ గూట్లోకి ఎక్కింది.

సోమవారం ముందటి సాయంత్రం అత్తగారికి క్లాసు. బయల్దేరే ముందు పాప హాల్లో పాకుతోంది. గడప వైపు తిరిగింది. టీ తాగుతున్న మాస్టారి కుడికాలు టక్కున నేలని నొక్కింది. బల్ల అదిరి టీ ఒలికింది. ఆయన టీ తుడుచుకున్నారు కానీ కాలిని చూసుకోలేదు. అత్తగారు చూశారు.

పార్కు పక్కన ఖాళీ రోడ్డు మీద పిచ్చుక యథాప్రకారం పది గజాలు వెళ్లి కుదుపిచ్చింది. అత్తగారు ఇంజను ఆపేశారు.

"మాస్టారూ, మీ కాళ్లు రెండూ పైకి పెట్టుకుని కూర్చోండి."

"ఏంటి అత్తయ్యగారూ?"

"సీటు మీద. బాసింపట్టు వేసుకుని, భోజనానికి కూర్చున్నట్టు."

"ప్రమాదం వస్తే బ్రేకు..."

"ఈ రోడ్డు మీద మనం తప్ప ప్రమాదం లేదు. పెట్టండి."

మాస్టారు బూట్లు విప్పి, మోకాళ్లు మడుచుకుని సీటు మీద కూర్చున్నారు. ఆ చిన్న కారులో తల పైకప్పుకి తగిలింది. అత్తగారు తలుపు మీద రెండు చరిచి, "రైట్, రైట్" అన్నారు.

పిచ్చుక కదిలింది. పది గజాలు దాటింది. ఆ చివర దాకా వెళ్లింది, మలుపు తిరిగింది, వెన్నలో చాకులా సాగిపోయింది. ఎదురుగా సైకిలు వచ్చింది. మాస్టారి మోకాలు మడతలోంచి లేవబోయి, ఎక్కడికీ పోలేక, అక్కడే గిలగిల్లాడింది. అప్పుడు చూసుకున్నారాయన, తన కాలిని. తర్వాత కిందికి వంగి చూశారు. ఎప్పుడూ దుమ్ము పట్టి ఉండే రెండో బ్రేకు రబ్బరు అరిగిపోయి, కింద ఇనుము అద్దంలా మెరుస్తోంది.

"నేనేనా?" అన్నారు.

"మీరే."

"ఇన్నాళ్లూ?"

"నిలబడి ప్రయాణం చేసినదాన్ని, బ్రేకు ఎటునుంచి పడిందో నా నడుముకి తెలుస్తుంది. మాస్టారు కదా, చెప్పలేకపోయాను." అత్తగారు బండిని పక్కకి తీసి ఆపారు, చక్కగా. ఆపి, ఆయన వైపు తిరిగి, గొంతు సవరించుకున్నారు. "చూడండి. రేపు బండి కదలగానే మీ అరచేతులు చెమట పడతాయి. నోరెండిపోతుంది. గుండె ఎవరో తలుపు బాదుతున్నట్టు కొట్టుకుంటుంది."

మాస్టారు నోరు తెరిచారు.

"మధ్యలో మాట్లాడకూడదు. ఊపిరి పైపైనే ఆడుతుంది. వేళ్ల చివర్లు తిమ్మిరి. కడుపులో బట్టలు పిండుతున్నట్టు. ఇక బుర్ర ఉందే..."

"అసలు ఊరుకోదు" అన్నారు మాస్టారు మెల్లగా.

ఎన్నోసార్లు అప్పజెప్పిన పాఠం. తన గొంతులో విన్నన్నాళ్లూ అది ఎదుటివాళ్ల గురించే. అత్తగారి కండక్టరు గొంతులో వింటుంటే ఒక్కో ముక్కా వచ్చి తన ఒంట్లో దానిదాని చోట కూర్చుంది. దవడ దగ్గర ఒకటి, పిక్క దగ్గర ఒకటి. ఫిల్టరు గుర్తొచ్చింది. కర్టెన్లు, దిండు, బూట్లు గుర్తొచ్చాయి. బండికి భయం పట్టుకుందని మెకానిక్కుతో అన్న మాట గుర్తొచ్చేసరికి ఆయనకి నవ్వాగలేదు. తల పైకప్పుకి కొట్టుకుంటున్నా, మడిచిన కాళ్లు విప్పకుండా, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. పక్కన వెళ్లేవాళ్లు, అల్లుడికి ఏమైనా పట్టిందేమోనని అత్తగారి వైపు జాలిగా చూశారు.

"గుర్తుపడితే వెనక సీటులో కూర్చోబెట్టొచ్చని కదా మీరు చెప్పింది" అన్నారు అత్తగారు.

"వెనక సీటులో పాప ఉంటుంది కదా."

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించారు. "డిక్కీలో పెడదాం."

సోమవారం పొద్దున వాన రాలేదు, టైరు పంక్చరు కాలేదు, మాస్టారు మనసులో మొక్కుకున్న అవాంతరాలేవీ రాలేదు. భార్య ఉద్యోగానికి తయారై, పాపని పిల్లల సీటులో కట్టి, పక్కనే కూర్చుంది. పాప పిడికిట్లో వాళ్లమ్మ చున్నీ కొస ఉంది. మాస్టారు స్టీరింగు ముందు కూర్చున్నారు. పక్క సీటులోకి అత్తగారు వచ్చి, చెప్పులు విప్పి, కాళ్లు మడిచి బాసింపట్టు వేసుకున్నారు.

"ఆ బ్రేకు నేను ముట్టుకోను. మీ ఇష్టం వచ్చినట్టు నడుపుకోండి" అన్నారు.

మాస్టారు తాళం తిప్పారు. అరచేతులు తడిశాయి. "చెమట" అన్నారు పైకే. నోరెండింది. "నోరు." గుండె మొదలెట్టింది. "వచ్చింది, తలుపు దగ్గరున్నాడు."

"ఎవరండీ?" అంది వెనకనుంచి భార్య.

"మన డిక్కీలో ఎక్కాల్సినాయన. ఎక్కమను."

ఊపిరి తీసుకుని, పాపకి పాట పాడినంత నెమ్మదిగా వదిలారు. ఇంకోసారి వదిలారు. గుండె దడ ఆగలేదు, తగ్గనూలేదు. అయినా అది గుండెపోటు కాదని ఈసారి ఆయనకి తెలుసు. అత్తగారు తలుపు చరిచారు. పిచ్చుక కదిలింది.

మొదటి వీధి. రెండో మలుపు. అద్దంలో పాప దుప్పటి ముక్కు దాకా వచ్చినట్టనిపించింది. ఆపాలనిపించింది. "దుప్పటి" అన్నారు. "సరిగ్గానే ఉంది" అంది భార్య. ఆపలేదు. ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఫ్లైఓవరు ఎక్కారు. ఎక్కి, సగం దాకా వచ్చేసరికి పక్కనుంచి ఒక సిటీ బస్సు హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయింది.

పిచ్చుక కుదుపిచ్చింది.

మాస్టారు తన కాళ్ల వైపు చూసుకున్నారు. అవి ఎక్కడుండాలో అక్కడే, బుద్ధిగా ఉన్నాయి. పక్కకి చూశారు. బాసింపట్టు విడిపోయి ఉంది. అత్తగారి కుడికాలు రెండో బ్రేకు మీద బిగుసుకుని ఉంది. అత్తగారు మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు ముందుకి చూస్తున్నారు.

"అత్తయ్యగారూ. కాలు."

"నాది కాదు."

"మీదే."

అత్తగారు కిందికి చూసుకున్నారు. కాలు తీసుకుని మళ్లీ మడిచారు. అరచేతులు చీరకి తుడుచుకున్నారు. "మనవరాలుంది కదండీ వెనకాల" అన్నారు. ఆవిడ గొంతు మొదటిసారి వెనక సీటు దాకా వెళ్లలేదు. "ఆ బస్సువాడికి కళ్లు లేవు. మా రోజుల్లో అయితే..."

"నోరెండిందా?"

"కొంచెం."

"భుజాలు దించండి."

"మీ ఇద్దరూ కాళ్లు పైకి పెట్టి కూర్చోండి, నేను దిగి తోస్తాను" అంది వెనకనుంచి మాస్టారి భార్య. "దుకాణం తెరిచే వేళయింది."

ఫ్లైఓవరు మీద ముగ్గురూ నవ్వుకుంటూ, ఇద్దరు చెమటలు తుడుచుకుంటూ అవతలికి దిగారు. అద్దాల దుకాణం వచ్చింది, దాని వెనక సందు వచ్చింది. మాస్టారు బండిని గోడవారగా, ఎవరికైనా నేర్పేటప్పుడు చూపించేంత చక్కగా ఆపి, చేతి బ్రేకు వేసి, దిగి వెనక తలుపు తీశారు.

దారి పొడుగునా పాప నిద్రపోయింది. ముక్కు దగ్గరికి వెళ్లబోయిన వేలిని మధ్యలోనే వెనక్కి తీసుకుని, ఆ వేలితోనే బెల్టు విప్పి ఎత్తుకున్నారు. హాయిగా ఉన్న సీటులోంచి లేపినందుకు పాప కళ్లు తెరిచి, వీధి వీధంతా వినబడేట్టు ఏడుపు అందుకుంది.

"అచ్చం నా గొంతే" అన్నారు అత్తగారు, చెప్పులు వెతుక్కుంటూ.